రాయచోటి ప్రదీప్‌కుమార్

కంప్యూటరు ముసుగు తీసుకుపోయి వడియాల మీద కప్పిందని మా అత్తతో మా అమ్మాయి గొడవకు దిగింది.

ఆ ముసుగు నేను కుట్టిందే. పాత పట్టుచీర అంచు పెట్టి మానిటరుకు ఒకటి, కీబోర్డుకు ఒకటి కుట్టాను. మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టిన మా అత్త నాగేంద్రమ్మ, కాకులు ముట్టకుండా గుడ్డ కోసమని హాల్లోకి వచ్చి, కంటికి కనిపించింది లాక్కుపోయింది.

"జేజీ, అదేమన్నా వంటింటి మసిగుడ్డనా? దుమ్ము పడితే కంప్యూటరు పాడైపోతాది!"

"నా వడియాల మీద కాకి రెట్ట వేస్తే నువ్వు తింటావా?"

"నీ వడియాలు ఎక్కువా, కంప్యూటరు ఎక్కువా?"

"అన్నంలోకి ఏది నంజుకుంటావో చెప్పు. ఆ పెట్టెను కొరుక్కుని తింటావా?"

అంగడికి బయలుదేరుతున్న మా ఆయన చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. "ఏమే సులోచనా, మీ అత్తకు కూడా ఒగటి కుట్టిచ్చెయ్, సాలు."

నేను మిద్దె ఎక్కి, ముసుగు తీసి, దాని బదులు పాత ధోవతి కప్పి వచ్చాను. ముసుగుకు అంటిన గంజి రెండు ఉతుకులకు గానీ పోలేదు. ఇట్లాంటివి చూడకుండా ఉండలేను. గిన్నె అడుగున మసి, చీటీలో తప్పు, ఎవరి మాటలోనైనా చిన్న తేడా ఉంటే నా కన్ను అక్కడే ఆగుతుంది. అది మంచి గుణమనే ఆ వేసవి దాకా అనుకున్నాను.

తుంగభద్ర కర్నూలును ముంచిన సంవత్సరం అది. వరద అక్టోబరులో వచ్చింది. నేను చెప్పేది దానికి ముందు వేసవి సంగతి. ఊరి చివర కల్లూరులో ఇల్లు కట్టుకుని వచ్చి రెండేళ్ళయింది. అంగడి మాత్రం పాత ఊరిలోనే ఉండేది. స్టీలు సామాన్ల అంగడి. పెళ్ళిళ్ళ కాలంలో మాకు ఊపిరాడదు. వచ్చినవాళ్ళకు పంచడానికి గిన్నెలు, డబ్బాలు వందల్లో తీసుకుని, వాటి మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి పేర్లు కొట్టించుకుంటారు. పేర్లు కొట్టే రంగన్న చెయ్యి మంచిదే. కానీ చీటీలో ఏముంటే అదే కొడతాడు. ఒకసారి పెళ్ళికొడుకు పేరు బదులు వాళ్ళ నాయన పేరు పడి నూటయాభై గిన్నెలు వెనక్కి వచ్చాయి. అప్పటినుంచి చీటీలన్నీ సాయంత్రం ఇంటికి వస్తాయి. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని కాబట్టి ఆ పని నాది. ఒక్కొక్కటి సరిచూసి, పొందిగ్గా తిరగరాసి, పొద్దున్నే పంపుతాను. పెళ్ళికొడుకు పేరు పైన, పెళ్ళికూతురి పేరు కింద, ఆ తర్వాత ఊరు, తేదీ.

శ్రీవాసవి మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయిపోయి, తిరుపతిలో ఎమ్మెస్సీకి ఎంట్రన్సు రాసింది. ఫలితాలు జూన్‌లో. సీటొస్తే హాస్టల్లో ఉండాలి. మా వైపు వాళ్ళలో ఆడపిల్లను హాస్టల్లో ఉంచినవాళ్ళు లేరు. "రానీ, చూద్దాం" అన్నాడు మా ఆయన. ఆయన 'చూద్దాం' ఎటైనా తిరుగుతుంది. అది సరైన వైపు తిరగాలని వాసవి ఆ వేసవంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగింది. జేజితో గొడవ కూడా ఆ ఒక్కరోజే.

గొడవ జరిగిన రోజే, పదకొండింటికి ఇంగ్లీషు కోచింగుకు పోతూ వాసవి కంప్యూటరు ఆర్పకుండా పోయింది. ఉతికిన ముసుగు ఆరిందని కప్పడానికి పోయాను. తెర మీద ఆర్కుట్ తెరిచి ఉంది. అప్పట్లో కాలేజీ పిల్లలందరికీ అందులో ఒక్కొక్క పేజీ ఉండేది. ఒకరి పేజీలో ఒకరు స్క్రాపులని చిన్న చిన్న మాటలు రాసుకునేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాసవి ఎవరికో రాసింది: 'మా ఇంట్లో ఒక సీఐడీ ఉండాది. యూనిఫారం లేదు, నైటీ ఉండాది.'

కింద పక్కింటి శిరీన్ జవాబు: 'పాపం ఆంటీ. నేను చెప్పేస్తా చూడు.'

మూడుసార్లు చదివాను. కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోచింగు నుంచి రాగానే నాలుగు మాటలు అనేసి ఊరుకునేదాన్ని. నాకు కోపం రాలేదు. ఇంకా ఏం రాసిందో చూడాలనిపించింది.

మరుసటి రోజు కంప్యూటరు ఆర్పి ఉంది. నాకు కంప్యూటరు వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. దుమ్ము తుడవడం, ముసుగు కప్పడం నా పని అనుకునేవాళ్ళు. కానీ వాసవి వెనక నిలబడి మజ్జిగ గ్లాసు అందిస్తూ నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. ఆన్ చేశాను. ఆర్కుట్‌లోకి పోవాలంటే మనకూ ఒక పేజీ ఉండాలంది. పేరు అడిగింది.

ముందు నా పేరే కొట్టాను. చెరిపేశాను. కీబోర్డు పక్కన ఆ రోజు సరిచూడాల్సిన చీటీలున్నాయి. అన్నిటికన్నా పైనున్నది రాయచోటి వాళ్ళది. మూడు వందల గిన్నెలు. ప్రదీప్‌కుమార్, కింద హిమబిందు. పై పేరు కొట్టాను. ఊరు అడిగితే రాయచోటి అని కొట్టాను. ఆడపేరు ఎందుకు కొట్టలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. చీటీలో పైన ఉన్నది అదే. ఇరవై ఏళ్ళుగా నా చెయ్యి ముందు పై పేరే రాస్తుంది. అంతే.

అట్లా వాసవి పేజీ నాకు దొరికింది.

వాసవి పదకొండింటికి కోచింగుకు పోయేది. మూడింటికి శిరీన్ ఇంటికి పోయేది. ఆ రెండు వేళలూ మా అత్త ఒకసారి పూజలో, ఒకసారి నిద్రలో ఉండేది. మొదటి వారం ఒకసారి చూసి కట్టేసేదాన్ని. తర్వాత పదకొండింటికి చూసినది పదకొండున్నరకు మారిందేమోనని మళ్ళీ చూసేదాన్ని. నా గురించి ఇంకేమీ రాయలేదు. అదీ బాధగానే ఉండేది. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి మరిచిపోయాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను పప్పు మాడ్చడం అదే మొదలు.

"ఏందమ్మా, కుక్కరు కూత కూడా వినపడనంత పరాకు?" అంది మా అత్త.

"వయసు మీద పడుతోంది అత్తా."

"నాకు పడాల్సింది నీకు పడిందా?"

తెలిసిన సంగతి నోట్లో దాచుకోవడం నాకు చేతకాదు. ఒకరోజు చెనిక్కాయలు ఒలుస్తూ అనేశాను. "మీ క్లాసు కళ్యాణ్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందంట కదా?"

వాసవి చెయ్యి ఆగింది. "నీకెవురు చెప్పినారు?"

"శిరీన్."

శిరీన్ చెప్పలేదు. ఆ సాయంత్రం వాసవి శిరీన్ ఇంటికి పోలేదు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు నేను చూసేసరికి వాసవి స్క్రాపులకు తాళం పడింది. స్నేహితులు తప్ప ఎవరూ చదవలేరు. నాకు మిగిలింది దాని ఫొటో, దాని కింద రెండు మాటలు. అయినా పోయేదాన్ని. తాళం తీసిందేమోనని రోజుకు ఐదారుసార్లు పోయేదాన్ని.

మే నెల సగమయ్యేసరికి వాసవి తిండి తగ్గింది. కంచంలో అన్నం కలుపుతూ కూర్చునేది, తినేది కాదు. దువ్వెన నిండా జుట్టు. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే ముందు వీధి అటూ ఇటూ చూసేది. తలుపు గడియ వేసిందా లేదా అని లేచి లేచి చూసుకునేది. కోచింగు మానేసింది. ఎందుకంటే "ఎండ" అంది. కర్నూలులో పుట్టిన పిల్ల ఎండ అంటే నేను నమ్ముతానా?

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రక్తం చూశాడు, బీపీ చూశాడు. "జబ్బేమీ లేదమ్మా. టెన్షన్. మనసులో ఏమన్నా పెట్టుకుందేమో మెల్లగా అడగండి" అన్నాడు. ఇంటికొచ్చాక మా అత్త ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. శిరీన్ వాళ్ళమ్మ నన్నీ బీ, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. డాక్టరు చెప్పినట్టు నేను అడగలేదు. ఎవడో పిల్లోడి సంగతని ఊహించుకున్నాను. అడిగితే చెప్పదు, చూస్తే తెలుస్తుంది అనుకున్నాను. వాసవి ఇల్లు కదలకపోవడంతో చూడటానికే వీలు దొరకలేదు. నాలుగు రోజులు కంప్యూటరు చుట్టూ తుడిచిందే తుడుస్తూ తిరిగాను. ఐదో రోజు వాళ్ళ నాన్న బలవంతం మీద అంగడికి పోయింది. ఆటో సందు తిరగకముందే నేను ముసుగు తీశాను.

జూన్ మొదటి వారంలో శిరీన్ వచ్చింది. సేమ్యా పంపిన గిన్నె తిరిగివ్వడానికి వచ్చినట్టు వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడిపోయింది.

"ఆంటీ, వాసవి చెప్పొద్దనింది. నాకే భయమైతాంది."

"చెప్పమ్మా."

"ఎవడో ఒగడు రోజూ దాని పేజీకి వచ్చి చూసిపోతాండాడు, ఆర్కుట్‌లో."

"చూస్తే తెలుస్తాదా?"

"తెలుస్తాది ఆంటీ. మన పేజీకి ఎవురెవురు వచ్చినారో పక్కన పేర్లు పడతాయి. ఆ మాత్రం తెలీనివాళ్ళు ఎవురుంటారు?"

పొయ్యి మీద పాలు ఉన్నాయి. మంట తగ్గించాను.

"పేరు ప్రదీప్‌కుమారంట, రాయచోటంట. ఫొటో లేదు, దోస్తులు లేరు. ఏమన్నా రాస్తే తిట్టి పంపియ్యొచ్చు కదా? రాయడు. ఒట్టిగా చూసిపోతాడు. ఇంకోటి ఆంటీ... అది ఇంట్లో లేనప్పుడే వస్తాడు. కోచింగుకు పోయొచ్చి చూస్తే వచ్చిపోయుంటాడు. మా ఇంటికొచ్చి పోతే ఆ లోపల వచ్చిపోయుంటాడు. ఇంట్లో ఉంటే రాడు. మొన్న నాలుగు రోజులు అది యాడికీ పోలేదు. నాలుగు రోజులూ రాలేదు. అంగడికి పోయింది, ఆరుసార్లు వచ్చినాడు. అంటే ఇంటి మీద కన్నేసి ఎవడో ఈడనే తిరుగుతాండాడు కదా? పిచ్చి పట్టేట్టుండాదే అని ఏడ్చింది నా దగ్గర. అంకుల్‌కు తెలిస్తే తిరుపతి మాన్పిస్తాడని మీకూ చెప్పడం లేదు."

"నువ్వు ధైర్యం చెప్పు" అన్నాను.

"మీరే చెప్పండి ఆంటీ. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు."

గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

మరుసటి రోజు వాసవి తలంటుకుంటున్నప్పుడు కంప్యూటరు తెరిచాను. ఆ పేజీ తీసేయడానికే తెరిచాను. నేనెప్పుడూ నా పేజీలో ఆగేదాన్ని కాదు, నేరుగా వాసవి పేజీకి పోయేదాన్ని. ఆ రోజు ఆగి చూశాను. ఒక పక్కన, వచ్చి చూసిపోయినవాళ్ళ చోట ఒక్కటే పేరుంది. శ్రీవాసవి. ఎవడో తెలుసుకోవాలని వచ్చి, ఏమీ లేని ఆ పేజీ చూసి పోయింది.

తీసేయలేదు. తీసేశాక మళ్ళీ చూడాలనిపిస్తే ఎట్లా అనిపించింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. చూడటం మానేస్తే చాలు, వాడు రావడం మానేశాడని అదే మరిచిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కరలేదు అని లెక్క వేసుకున్నాను.

తొమ్మిది రోజులు చూడకుండా ఉన్నాను. పదకొండింటికి చేతులు ఊరుకునేవి కావు. డబ్బాలన్నీ దించి కడిగాను. సరిచూసిన చీటీలే మళ్ళీ సరిచూశాను. అటు వాసవి మాత్రం కోలుకుంది. మళ్ళీ కోచింగుకు పోయింది. మారు వడ్డించుకుంది. జేజి జడ లాగి పరిగెత్తింది. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

పదో రోజు ఫలితాలు వచ్చాయి. సీటొచ్చింది. ఇరవై తొమ్మిదో తేదీలోపల చేరాలి. వాసవి నన్ను పట్టుకుని గిర్రున తిప్పి, వాళ్ళ నాన్నకు తానే చెప్పాలని శిరీన్‌ను తోడు తీసుకుని అంగడికి ఆటో ఎక్కింది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఈ మాట అందరికీ ఎట్లా రాసుకుందో, ఫొటో కింద ఏం పెట్టుకుందో చూడాలనిపించింది. ఒక్కసారే అనుకున్నాను. ఒక్కసారే చూశాను.

సాయంత్రం ఆరింటికి తండ్రీ కూతుళ్ళు కలిసి వచ్చారు, చేతిలో మైసూరుపాకు పొట్లం. వాసవి నా నోట్లో ఒక ముక్క పెట్టి కంప్యూటరు దగ్గరికి పోయింది. ఆ ముక్క నేనింకా మింగలేదు. అది కుర్చీలో కూర్చోను కూడా లేదు. నిలబడే ఉంది. వెనక్కి జరిగి గోడకు ఆనుకుని, "నాన్నా, నేను తిరుపతికి పోను" అంది.

"ఏమైందమ్మా?"

"వాడు మళ్ళీ వచ్చినాడు. మనం ఇప్పుడు అంగడికి పోయింది కూడా వానికి తెలుసు."

అప్పుడు అంతా చెప్పింది. ఏడవకుండా, వణుకుతూ, శిరీన్ నాకు చెప్పిన మాటలే చెప్పింది. మా ఆయన నెమ్మదైన మనిషి. బేరాల్లో కూడా గొంతు పెంచడు. వింటూ వింటూ ఒక్క మాట దగ్గర లేచి నిలబడ్డాడు.

"పేరేమన్నావు? రాయచోటి ప్రదీప్‌కుమారా? మూడొందల గిన్నెలు చెప్పినోడు కదా! వాళ్ళ మామతో అంగడికి వచ్చినాడు, తెల్ల చొక్కా. ఆ పొద్దు నువ్వు అంగట్లోనే ఉన్నావమ్మా!"

"నాకు గుర్తు లేదు నాన్నా."

"వానికి గుర్తుండాది!"

"ఎట్లుండాడురా?" అంది మా అత్త.

"ఎట్లుంటేనేం? బేస్తవారం ఒంటిమిట్టలో పెండ్లి పెట్టుకుని, మన పిల్ల వెనక పడినాడు! మనవాళ్ళే అని నమ్మితే..." లోపలికి పోయి పెళ్ళిపత్రిక తెచ్చాడు. హిమబిందు వాళ్ళ నాయన నంబరు దాని మీదే ఉంది. "పాపం, ఆయప్పకు తెలియాల. ఆడపిల్ల తండ్రి. రేపు మన కులం సంగంలో కూడా చెప్తా. వాసవీ, నువ్వు యాడికీ పోవద్దు, గమ్మున ఇంట్లో ఉండు. తిరుపతీ లేదు, ఏమీ లేదు."

సెల్లులో నంబరు కొట్టాడు. గుండీ గుండీకీ చప్పుడు వినిపిస్తోంది.

"ఫోను పెట్టెయ్యండి" అన్నాను.

"ఎందుకు పెట్టాల?"

"ఆ పిల్లోనికి ఏమీ తెలీదు. ఆ పేరు చీటీలోంచి నేను రాసుకున్నా. వాసవి పేజీ చూసిపోయేది నేను."

సెల్లులోంచి "హలో, ఎవురూ?" అని వినిపించింది. మా ఆయన నన్నే చూస్తూ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అన్నా, నేను నాగసుబ్బయ్య, కర్నూలు స్టీలంగడి... ఏం లేదన్నా. పెండ్లికి వస్తాండాం, అది చెప్దామని. ఆ... ఇంట్లో అందరం బాగుండాం." పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"ముసుగు కుట్టడమే వచ్చనుకున్నా. తెరవడం కూడా వచ్చా నీకు?" అంది మా అత్త.

వాసవి కుర్చీ లాగింది. "చూపించు."

కూర్చున్నాను. నా వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. ఆ పేజీ తెరుచుకుంది. వాసవి తెర వైపు చూడలేదు, నా వేళ్ళనే చూసింది.

"రోజుకు ఎన్నిసార్లు?"

"నాలుగు. ఐదు. ఒక్కోరోజు ఎక్కువే."

"ఎందుకు?"

"నా గురించి ఏం రాస్తావో అని మొదలుపెట్టినా."

"తర్వాత?"

"తర్వాత ఎందుకో నాకే తెలీదు. శిరీన్ నాకు ముందే చెప్పింది, నువ్వు భయపడతాండావని. అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ పొద్దు మళ్ళీ చూసినా."

"తీసెయ్."

తీసేశాను. నిజంగా తీసేయాలా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

"అయితే వాడు లేడు" అంది వాసవి, ఎవరితోనూ కాదన్నట్టు. "వాడు లేనే లేడు." తన గదిలోకి పోయి దీపం వేసుకోకుండా పడుకుంది. మరుసటి రోజు పదింటిదాకా లేవలేదు. నెలరోజుల నిద్రంతా ఒక్కసారి పోయినట్టు పోయింది. నేను ఆ గది గడప దాకా పోయి, లోపలికి తొంగి చూడకుండా తిరిగి వచ్చాను.

తర్వాతి పది రోజులు వాసవి నాతో మాట్లాడలేదు. కావలసింది జేజిని అడిగేది. ఉప్పు నా చేతికి దగ్గరగా ఉన్నా, "జేజీ, ఉప్పు" అనేది. నాకు ముందే చెప్పిందని శిరీన్ మీద అలిగినా, దానితో మాత్రం రాజీ పడింది. ఒకరోజు గేటు దగ్గర ఇద్దరూ నవ్వుకోవడం విని, ఎందుకు నవ్వారో తెలుసుకోవాలని నా ఒళ్ళంతా తహతహలాడింది. వంటింట్లోకి పోయి నీళ్ళు తాగాను.

మా ఆయన నన్ను ఏమీ అనలేదు. చీటీలు ఇంటికి పంపడం మానేశాడు. కానీ తిరుపతి మాట ఎత్తితే ఆయన గొంతు గట్టిపడేది.

"ఈసారి నువ్వు. సరే. రేపు నిజంగానే ఒగడు వస్తే? పిల్ల ఎట్ల వణికిందో చూసినావు కదా. నా కండ్ల ముందరే ఉండనీ."

"మన కళ్ళ ముందరే కదా వణికింది" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఇరవై ఎనిమిది ఆదివారం వచ్చింది. చేరడానికి ఒక్క రోజు మిగిలింది. మధ్యాహ్నం నలుగురం కలిసి కూర్చున్నాం. మామూలుగా నేను వడ్డించి చివర తింటాను. ఆ రోజు అన్నీ మధ్యలో పెట్టి, నా కంచం కూడా పెట్టుకుని కూర్చున్నాను. మా అత్త వింతగా చూసింది. దోసకాయ పప్పు, వంకాయ కూర, చెనిక్కాయల పచ్చడి. వాసవి తలవంచుకుని అన్నం కలుపుతోంది. తినడం లేదు. ఆ కలపడం మళ్ళీ మొదలైంది.

"రేపు తెల్లారుజామున తొలి బస్సుకు వాసవి తిరుపతికి పోతాది" అన్నాను.

మా ఆయన ముద్ద ఆపాడు. "నేను సరే అన్లేదే."

"నేను అన్నా. సర్టిఫికెట్లన్నీ కవర్లో పెట్టినా. శిరీన్ తోడు పోతానంది, నన్నీ బీ ఒప్పుకుంది. చేర్పించి ఎల్లుండి వస్తాది."

"అమ్మవి నువ్వు పోకుండా శిరీనా?"

"నేను పోతే హాస్టల్లో ఎన్ని గడియలుండాయో అన్నీ లెక్కబెట్టొస్తా. నేను వద్దు."

మా అత్తకు నవ్వొచ్చి పొలమారింది. నీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాను. మా ఆయన కూతురితో, "భయం లేదా నీకు?" అన్నాడు.

"ఉండాది" అంది వాసవి. "ఈడ ఉన్నా ఉంటాది."

ఆయన పప్పు వేసుకున్నాడు. ఆయన 'చూద్దాం' అనలేదంటే ఒప్పుకున్నట్టే.

వాసవి ఒక ముద్ద తింది. రెండో ముద్ద కూడా తిని, పది రోజుల తర్వాత నా వైపు తిరిగింది.

"ప్రతి ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేస్తా. మధ్యలో నువ్వు చెయ్యొద్దు. నేను చెప్పింది విను. చెప్పనిది అడగొద్దు. శిరీన్‌ను కూడా అడగొద్దు."

"ఒకవేళ..." అన్నాను.

వాసవి చూపు నా ముఖం మీదే ఉంది.

"సరే" అన్నాను.